విల్లుకు నరం అతికించే ముందు గాలిని చూడాలి

కొయ్య విల్లు విరగడం చాలావరకు వీపు వైపునే మొదలవుతుంది. బాణం వేసేటప్పుడు గురి వైపు ఉండే ముఖం వీపు, విలుకాడి వైపు ఉండేది కడుపు. నారి లాగినకొద్దీ వీపు సాగుతుంది, కడుపు నలుగుతుంది. సాగే వైపు ఎక్కడో ఒక ముడి దగ్గరో, బాడిస దెబ్బకు ఈనె తెగిన చోటో సన్నటి పేడు లేస్తుంది. టిక్కుమని చిన్న చప్పుడు. దాన్ని పట్టించుకోకుండా ఇంకోసారి లాగితే చేతిలో రెండు ముక్కలు మిగులుతాయి.

దీనికి చాలా పాత మందు ఒకటి ఉంది. పశువు కాలి నుంచో వెన్ను నుంచో తీసిన నరాన్ని పోగులుగా చీల్చి, తోలు జిగురులో ముంచి, వీపు పొడవునా అతికించడం. నరం అంటే ఇక్కడ కండను ఎముకకు కట్టి ఉంచే తెల్లటి గట్టి పట్టీ. మటన్ కొట్టులో కాళ్ళు కొట్టేటప్పుడు మడమ దగ్గర కత్తికి లొంగకుండా మొండికేసేది అదే. మధ్య ఆసియా మైదానాల నుంచి అమెరికా పడమటి కొండల దాకా ఎన్నో జాతులవాళ్ళు ఈ పద్ధతి వాడారు. ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి చేతివిల్లు చేయాలని సరదాపడే కుర్రాళ్ళు ఒడిశా రాయగడలోనూ ఉంటారు, మహారాష్ట్ర సిరోంచలోనూ ఉంటారు. వాళ్ళకు ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, ఆ వీడియోల్లో చెప్పే లెక్కలన్నీ పొడి గాలి ఉన్న ఊళ్ళవి. బరంపురం నుంచి కొరాపుట్, మల్కన్‌గిరి మీదుగా గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ దాకా ఉన్న తెలుగు సరిహద్దులో గాలి ఒక్క తీరున ఉండదు. నరం పని చేస్తుందా లేదా అన్నది కొయ్య కన్నా ముందు ఆ గాలే తేలుస్తుంది.

నరం ఏం చేస్తుందో ముందు తెలియాలి. మామూలు కొయ్య తన పొడవులో దాదాపు 1 శాతం సాగగానే విరిగే అంచుకు వస్తుంది. నరం అంతకు కొన్ని రెట్లు సాగినా తెగకుండా వెనక్కి వస్తుంది. కాబట్టి వీపు మీద నరం పొర ఉంటే, కింద కొయ్యలో పేడు లేవబోయినా దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది. ఇది మొదటి లాభం. రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. తడిగా అతికించిన నరం, జిగురు ఆరుతూ కుంచించుకుపోతాయి. ఆ లాగుడుకు విల్లు నారి లేకుండానే ముందుకు, అంటే గురి వైపుకు వంపు తిరుగుతుంది. అలా ఎదురు వంపు తిరిగిన విల్లును ఎక్కుపెడితే మొదటి అంగుళం నుంచే బిగువు తెలుస్తుంది. ఏడాది వాడాక నారి విప్పినా వంగే ఉండిపోవడం అనే జబ్బు కూడా దీనికి తక్కువ.

అయితే నరం కొయ్య కన్నా బరువైనది, కొయ్యంత బిర్రు, అంటే వంగకుండా బిగిసి ఉండే గుణం, ఉన్నదీ కాదు. మనిషి ఎత్తు విల్లు మీద నరం పరిస్తే పెరిగేది ఎక్కువగా బరువే. కొనల దగ్గర బరువు పెరిగితే బాణం వేగం తగ్గుతుంది. నరం అసలు అక్కరకొచ్చేది పొట్టి విల్లుకు. 28 అంగుళాల దాకా లాగాలంటే ఒట్టి కొయ్య విల్లు 64 నుంచి 66 అంగుళాలు ఉంటే తప్ప ధైర్యంగా లాగలేం. నరం వేసిన విల్లును 50, 54 అంగుళాలకు కుదించవచ్చు. గుర్రం మీద వెళ్ళేవాడికి, దట్టమైన పొదల్లో నడిచేవాడికి ఆ పది అంగుళాల తేడా పెద్దదే. మైదానంలో నిలబడి అరటి దూటకు గురి పెట్టేవాడికి దానితో పనేమీ లేదు. పొడుగు విల్లు చేసుకుంటే సగం తలనొప్పి అక్కడే పోతుంది.

ఇంకో సంగతి తరచూ మరుగున పడుతుంది. వీపును బలపరచగానే భారం కడుపు మీద పడుతుంది. నలుగుడుకు తట్టుకోలేని కొయ్య అయితే కడుపు మీద అడ్డంగా సన్నటి ముడత గీతలు కనబడతాయి. వేలి గోరుతో రాస్తే తగులుతాయి. విల్లు వెంటనే విరగదు కానీ ఆ చోట మెత్తబడి, కీలులా మడవడం మొదలవుతుంది. నరం ఎంత మందంగా వేసినా ఆ జబ్బు నయం కాదు, పైగా ముదురుతుంది. నరం వేయాలనుకున్న విల్లుకు కడుపు వైపు గట్టి చేవ ఉన్న కొయ్యే కావాలి.

ఇప్పుడు గాలి సంగతి. కొయ్య ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉంటే కొయ్యలో నీరు 6 శాతం దగ్గర కుదురుతుంది. 65 శాతానికి 12, 80 శాతానికి 16, 90కి 20 శాతం దాకా పోతుంది. విల్లుకు 8 నుంచి 10 శాతం మధ్య ఉంటే హాయి. అంతకన్నా తడిగా ఉంటే విల్లు మందకొడిగా మారి వంపు పడిపోతుంది. మరీ ఎండితే పెళుసెక్కుతుంది. ఈ విషయంలో నరం, తోలు జిగురు కొయ్య కన్నా ఇంకా సున్నితం. తేమ తగలగానే నరం సడలుతుంది, జిగురు మెత్తబడుతుంది. ఆరడంలో ఏ బిగువు వచ్చిందో అది కాస్తా తిరిగి పోతుంది. నరం విల్లును లాగడానికి వానాకాలంలో ఒక బలం, ఎండాకాలంలో ఇంకో బలం కావాలి, ఆ తేడా లాగే చేతికి తెలుస్తుంది.

ఈ లెక్కతో సరిహద్దును చూస్తే మూడు రకాల ఊళ్ళు కనిపిస్తాయి. గోపాల్‌పూర్ తీరానికి దగ్గరగా ఉన్న బరంపురంలో ఏడాది పొడవునా సముద్రపు తేమే. పర్లాకిమిడిలోనూ ఆ ఉక్కపోత తగ్గేది కొద్ది నెలలే. ఇక్కడ నరం విల్లు చేయవచ్చు, నిలబెట్టుకోవడమే కష్టం. రెండో రకం కొరాపుట్ పీఠభూమి. సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తు. ఏటా 1,500 మిల్లీమీటర్ల చొప్పున వాన. జూన్ నుంచి అక్టోబరు దాకా బట్టలే ఆరవు, నరం ఏం ఆరుతుంది? కానీ చలికాలం పొడిగా, చల్లగా ఉంటుంది. మూడోది పడమటి వైపు, చంద్రపూర్, రాజురా, బల్లార్షా, ఇంకా అవతల నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, దెగ్లూర్, బిలోలి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. మే నెలలో చంద్రపూర్‌లో 46, 47 డిగ్రీలు మామూలు మాట.

పడమటి వైపు నరం విల్లుకు స్వర్గం అనుకోవడం సహజం. సగం నిజమే. అక్కడి వేసవి గాలికి కొయ్యలో నీరు 5 శాతం దగ్గరికి దిగిపోతుంది. అప్పుడు కొయ్య పెళుసెక్కి, మామూలు విల్లు చిన్న లాగుడుకే పుటుక్కుమంటుంది. నరానికి మాత్రం అదే మంచి కాలం, బాగా బిగిసి ఉంటుంది. ఒకటి నీరసపడ్డప్పుడు రెండోది బలంగా ఉండి కాపాడుతుందన్నమాట. నాందేడ్, చంద్రపూర్‌లలో నరం వేయడానికి నిజమైన కారణం ఇదే. కానీ ఆ వేడిలో నరం అతికించే పని పెట్టుకుంటే మాత్రం మొదటి గంటలోనే కథ అడ్డం తిరుగుతుంది. దానికి కారణం జిగురు.

తోలు జిగురును మన వడ్రంగులు సరేసు అనేవారు. ఫెవికాల్ వచ్చాక వాడకం తగ్గింది. పాత హార్మోనియాలు, కుర్చీలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఇంకా పలుకులుగానో, పలకలుగానో దొరుకుతుంది. తోలు ముక్కల్ని, నరాల తుక్కును నీళ్ళలో చాలాసేపు సన్న వేడి మీద ఉంచితే అందులోని మాంసకృత్తు కరిగి జిగురవుతుంది. దీని గుణం ఒకటి గమనించాలి. ఇది రెండు అంచెల్లో పట్టుకుంటుంది. మొదట వేడి తగ్గగానే పేరుకుంటుంది, తర్వాత రోజుల తరబడి నీరు ఆరి గట్టిపడుతుంది. నరం పనిలో ఆ మొదటి అంచె ప్రాణం లాంటిది. తడి పోగు వీపు మీద పరిచిన కొద్ది నిమిషాల్లో జిగురు పేరుకుంటేనే ఆ పోగు అక్కడ నిలుస్తుంది, దాని పక్కన ఇంకోటి పరచవచ్చు. ఈ జిగురు వేడి 30, 35 డిగ్రీలకు దిగితే గానీ పేరుకోదు. మే నెలలో రాజురాలో నీడపట్టునే 44 డిగ్రీలు ఉన్నప్పుడు జిగురు రాత్రి దాకా నీళ్ళలానే ఉంటుంది. పోగులు పక్కలకు జారిపోతాయి, జిగురు కారి నేలపాలవుతుంది, మిగిలిన నరం కొయ్యను సరిగా అంటకుండా పైపైన ఎండి పెంకు కడుతుంది.

ఆగస్టులో కొరాపుట్ జిల్లా జయపూర్‌లో చేస్తే చిక్కు రెండో అంచెలో వస్తుంది. జిగురు చక్కగా పేరుకుంటుంది కానీ ఆరదు. పది రోజులకు బూజు పడుతుంది, వాసన ఇంటినిండా పాకుతుంది. ఆ వాసనకు ఇంట్లో ఆడవాళ్ళు విల్లును, విలుకాడినీ కలిపి బయటికి పంపినా తప్పుపట్టలేం. కొరాపుట్‌లో డిసెంబరు తెల్లవారుజామున చేస్తే ఇంకో ఇబ్బంది. చలికి జిగురు వేళ్ళ మీదే పేరుకుపోయి, పోగు కొయ్యను తాకేలోపే బంక ముద్దగా మారుతుంది. పైకి అతికినట్టు కనిపిస్తుంది, వారం తర్వాత గోరుతో లేపితే పొర పొరగా ఊడొస్తుంది. అక్కడ పని మధ్యాహ్నం ఎండలో పెట్టుకోవాలి, కొయ్యను కూడా ముందు వెచ్చబెట్టాలి.

అందుకే ఈ సరిహద్దులో ఎక్కడైనా పనికొచ్చే కాలం ఒకటే. దీపావళి పోయాక మొదలుపెట్టి, శివరాత్రి దాటకుండా అతికింపు ముగించాలి. ఆ తర్వాత వచ్చే పొడి నెలలు విల్లు ఆరడానికి సరిపోతాయి. పని ముందుగానే ముగిస్తే, కొరాపుట్ ఊళ్ళలో చైత్ పరబ్, అంటే చైత్రమాసపు పండుగ, వచ్చేసరికి విల్లు మంచి బిగువులో ఉంటుంది. అప్పుడు దాన్ని పట్టుకుని అడవిలోకి వేటకు పోవడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే.

జిగురు కాచడంలో తొందర పనికిరాదు. పలుకుల్ని చల్లటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున వేడినీళ్ళున్న పెద్ద గిన్నెలో జిగురు గిన్నె దించి కరిగించాలి. నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. 60, 65 డిగ్రీలు చాలు. 75 దాటితే జిగురు శక్తి తగ్గిపోతుంది, మరిగిందంటే ఆ గిన్నెడు జిగురు పారబోయడమే. థర్మామీటర్ లేకపోతే గుర్తు ఒకటే. పైన ఆవిరి లేవాలి, బుడగ మాత్రం రాకూడదు. నరానికి వాడే జిగురు కుర్చీకి వాడేదానికన్నా పలచగా ఉండాలి, పోగుల మధ్యకు దిగాలి కాబట్టి. కాచిన జిగురు ఎండాకాలంలో రెండు రోజులకే కుళ్ళుతుంది. ఏ రోజుకు ఆ రోజు కాచుకోవడం మేలు.

నరం సంపాదించడం ఒక పెద్ద పని. జింక నరం బాగుంటుందని పుస్తకాల్లో రాసి ఉంటుంది, ఆ ఊసే ఎత్తకూడదు. అడవిలో దానంతట అది చచ్చిన జింకైనా ప్రభుత్వ ఆస్తి. దాని కాలు ఇంట్లో దొరికితే కేసు తప్పదు. మహారాష్ట్రలో 2015 నుంచి ఆవులతో పాటు ఎడ్లు, ఆబోతుల వధ కూడా నిషేధం. ఒడిశాలో గోవధను ఆపే 1960 నాటి చట్టం ఉంది. టెన్షన్ లేని దారి మేక నరం. పొట్టిగా, సన్నగా ఉంటుంది గానీ పనికొస్తుంది. ఒక్క మేక కాళ్ళతో ఏ మూలకూ రాదు కాబట్టి మటన్ కొట్టువాడికి వారాల ముందే చెప్పి పోగేయించుకోవాలి.

తెచ్చిన నరం మీది పొరను, కొవ్వును గీరేసి నీడలో ఆరబెడితే పసుపు రంగు తిరిగి గాజులా గట్టిపడుతుంది. దాన్ని చెక్క మొద్దు మీద పెట్టి చెక్క సుత్తితోనో, నున్నటి గుండ్రాయితోనో మెల్లగా కొట్టాలి. ఇనుప సుత్తి అంచు తగిలితే పోగులు తెగిపోతాయి. కొడుతున్నకొద్దీ పసుపు పోయి తెల్లబడుతుంది, చివర నుంచి చీలడం మొదలవుతుంది. అక్కడి నుంచి వేళ్ళతో చీల్చుకుంటూ పోవాలి. చీల్చిన పోగుల్ని గోరువెచ్చని సబ్బునీళ్ళలో జాడించి కొవ్వు పూర్తిగా పోగొట్టాలి. కొవ్వు ఉన్న చోట జిగురు పట్టదు. ఈ ఒక్క పనికే చాలా సాయంత్రాలు పోతాయి. పక్కన టీవీ పెట్టుకుని చేసుకోవాల్సిన పని.

కొయ్యకూ ఇదే శుద్ధి కావాలి. వీపును రంపపు బ్లేడు పళ్ళతో పొడవునా గీతలు పడేలా గీరి, బూడిద నీళ్ళతో కడిగి, ఆరాక పలచటి జిగురు రెండు మూడు పూతలు వేసి పీల్చుకోనివ్వాలి. ఆ తర్వాత కడిగిన చోట చేత్తో ముట్టుకోకూడదు, చేతి జిడ్డే చాలు పని చెడగొట్టడానికి. పోగుల కట్టను నీళ్ళలో తడిపి పిండి, జిగురులో ముంచి, రెండు వేళ్ళ మధ్య లాగి అదనపు జిగురు తీసేసి, పిడి దగ్గర మొదలుపెట్టి కొన వైపు పరుస్తూ పోవాలి. పక్కపక్క కట్టల అతుకులు ఒకే చోట రాకుండా, గోడకు ఇటుకలు పేర్చినట్టు తప్పించి పరచాలి. అతుకులన్నీ ఒక వరసలో పడితే విల్లు విరిగేది సరిగ్గా అక్కడే. పిడి దగ్గర మందంగా, కొనలకు పోయేసరికి పలచగా వేయాలి. ఒక వరస ఆరడానికి వారం పది రోజులు ఇచ్చి రెండో వరస వేయాలి. రెండు మూడు వరసలు కలిపి 2, 3 మిల్లీమీటర్ల మందం వస్తే చాలు. అంతా అయ్యాక కనీసం నెలన్నర, కుదిరితే రెండు మూడు నెలలు విల్లును లాగకూడదు. చాలామంది ఓపిక ఇక్కడే అయిపోతుంది. పైన ఆరిందని ఎక్కుపెడతారు, లోపల తడిగా ఉన్న పొర కొయ్య మీద జారి, ఎదురు వంపు శాశ్వతంగా పోతుంది.

విల్లు కడుపు చెక్కి సరిచేసేటప్పుడు ఒక లెక్క గుర్తుండాలి. బిర్రు మందపు ఘనం, అంటే మూడో ఘాతం, లెక్కన పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల మందాన్ని 11 చేస్తే బలం పదోవంతు పెరుగుతుందనుకోవడం పొరపాటు, మూడోవంతు పెరుగుతుంది. తీసేటప్పుడూ అంతే. ఆకురాయితో నాలుగు సార్లు ఎక్కువ రుద్దితే ఆ చోట విల్లు మెత్తబడిపోతుంది. వెడల్పుకు ఈ బాధ లేదు, దామాషాగానే మారుతుంది. అందుకే విల్లు లాగడానికి పట్టే బలం కొద్దిగా తగ్గించాలంటే అంచులు చిత్రిక పట్టడం క్షేమం.

ఇక ఏ కొయ్య? గడ్చిరోలి జిల్లా అనగానే టేకు గుర్తొస్తుంది. అల్లాపల్లి అడవుల టేకు పేరు తెలియనివాళ్ళు ఉండరు. తలుపులకు అంతకన్నా మంచి కొయ్య లేదు. నరం విల్లుకు మాత్రం వద్దు. టేకులో సహజంగా ఉండే జిడ్డు జిగురును పట్టనివ్వదు. కావళ్ళకు, పనిముట్ల పిడులకు పేరున్న ధామన్ కొయ్య నయం. వంగి లేవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. అడవి చెట్టు కొట్టకుండా పొలం గట్టు మీదిదో, ఇంటి పెరటిదో చూసుకోవాలి.

వెదురు విషయం వేరు. కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లోనూ, గడ్చిరోలి మాడియా గోండుల ఊళ్ళలోనూ విల్లంటే వెదురే ముందు గుర్తుకొస్తుంది. మధ్య భారతంలో చాలా చోట్ల నారి కూడా వెదురు బద్దే. వెదురు బద్దను అడ్డంగా కోసి చూస్తే చుక్కలు చుక్కలుగా ఈనెలు కనిపిస్తాయి. లోపలి వైపు దూరం దూరంగా, పై తొక్క దగ్గరికి వచ్చేసరికి ఒత్తుగా ఉంటాయి. అంటే సాగే బలం మొత్తం పైతొక్క కిందే ఉంది. నరం పొర వేయడంలో ఉద్దేశం ఏదో, ప్రకృతి దాన్ని ముందే చేసి పెట్టింది. దాని మీద నరం అతికించాలంటే ఆ నున్నటి తొక్కను గీరేయాలి, లేకపోతే జిగురు పట్టదు. గీరితే ఆ ఒత్తు ఈనెలే పోతాయి. వెదురు విల్లుకు నరం వేయడమంటే ఉన్న బలం తీసేసి తెచ్చిన బలం పెట్టడమే, శుద్ధ దండగ. ఈ కొండల్లోని వెదురు విల్లు మీద నరం కనిపించకపోవడాన్ని వెనకబాటుగా చూసేవాళ్ళు ఈ సంగతి ఆలోచించరు. తేమను కాస్త ఎక్కువ ఓర్చుకునేది, చవకగా చేతికందేది, విరిగితే మధ్యాహ్నానికల్లా ఇంకోటి చేసుకోగలిగేది ఎదురుగా ఉండగా నెలల పని పెట్టుకునే అవసరం ఎవరికి ఉంటుంది?

చరిత్ర కూడా ఇదే వైపు మొగ్గు చూపుతుంది. అలెగ్జాండర్ సేనలు చూసిన భారత పదాతి విల్లు మనిషంత పొడుగు ఉండేదని, ఒక కొనను నేల మీద ఆనించి ఎడమ కాలితో అదిమి లాగేవారని గ్రీకు రచయిత అర్రియన్ రాశాడు. తర్వాత తురుష్క, మొఘల్ సేనలతో కొమ్ము, కొయ్య, నరం కలిపిన పొట్టి విల్లు బాగా వాడుకలోకి వచ్చింది. దక్కన్ దాకా వ్యాపించింది. గుర్రపు రౌతుకు దాన్ని మించినది లేదు. కానీ మన వానాకాలం దానితో ఆడుకుంది. ఆయుధాగారంలో తేమకు జిగురు వదిలేది. మొఘల్ కాలపు భారతదేశంలో ఉక్కు విళ్ళు తయారవడానికి ఒక కారణం ఈ బెడదే. ఉక్కు విల్లు బాణాన్ని అంత వేగంగా విసరదు, కానీ ఏడాది మూల పడేసినా పాడవదు. వాన దేశమైన ఇంగ్లండు సంగతీ అంతే. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో వందకు పైగా విళ్ళు దొరికాయి. అన్నీ పొడుగు కొయ్య విళ్ళే, నరం పొర లేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి ఫైబర్‌గ్లాస్ వచ్చి నరం చేసే పనిని తేమ గొడవ లేకుండా చేస్తోంది. ఇవాళ పోటీల్లో కనిపించే విళ్ళలో దాని వారసులే ఉన్నాయి.

ఇన్ని చెప్పినా, చేతిపని మీద మోజు ఉన్నవాళ్ళు ఆగరు, ఆగనక్కర్లేదు కూడా. చేసిన విల్లును వానాకాలం దాటించడం ఎలాగన్నదే ఆలోచించాలి. నరం మీద పూతకు మన దగ్గర మంచి సరుకు ఉంది. మోదుగ, రేగు చెట్ల మీద పురుగు కట్టే లక్క. చపడా లక్కను, అంటే రేకులుగా చేసిన లక్కను, స్పిరిట్‌లో కరిగించి, పలచటి పూతలు ఒకదాని మీద ఒకటి వేస్తే గాలి తేమను బాగానే అడ్డుకుంటుంది. ఏ పూతైనా తేమను ఆలస్యం చేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. ఆగస్టు నెలంతా గోడకు తగిలించిన విల్లును ఏ లక్కా కాపాడలేదు. పొయ్యి వెచ్చదనం తగిలే అటక మీద పెడితే కొంత నయం. అక్కడ ఎలుకలున్నాయేమో చూసుకోవాలి. నరం, తోలు జిగురు రెండూ వాటికి మాంసమే. వాడనప్పుడు నారి విప్పే ఉంచాలి, తేమ రోజుల్లో అసలు ఎక్కుపెట్టకూడదు.

బరంపురం, పర్లాకిమిడి వైపు ఉన్నవాళ్ళకు జిగురు లేని దారి ఒకటుంది. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనానికి మంచి కొయ్య దొరకదు, సముద్రంలో కొట్టుకొచ్చిన కర్రలే గతి. ఆ చలిలో, తడిలో జిగురు ఆరదు. వాళ్ళు నరాన్ని తాళ్ళుగా పేని, విల్లు వీపు మీద పొడవునా లాగి, అక్కడక్కడా అడ్డంగా కట్టేశారు. మధ్యలో పుల్ల దూర్చి మెలితిప్పితే తాళ్ళు బిగిసి విల్లుకు బలం వస్తుంది. ఈ పద్ధతికి నరమే ఉండాలని లేదు. పర్లాకిమిడి, గుణుపూర్ ప్రాంతాల రైతుకు గోగునార, జనపనార కొత్త కాదు. నరంలా సాగి తిరిగొచ్చే గుణం వీటికి లేదు కాబట్టి బాణం వేగం పెరగదు, కానీ పేడు లేవకుండా వీపును కాస్తాయి. మూడు పురుల తాడు పేని, రెండు కొప్పుల, అంటే నారి తగిలించే కొనల, మధ్య నాలుగైదు వరసలు లాగి, జానెడు దూరానికొక కట్టు వేస్తే చాలు. తాడు తడికి బిగిసి, ఎండకు సడలుతుంది. మెలిపుల్లను ఊడదీయకుండా అక్కడే ఉంచి, వాన పడ్డ రోజు అర తిప్పు వదులు చేసి, ఎండెక్కాక మళ్ళీ బిగించుకోవాలి.